శ్రీమతి దుర్గాబాయి విద్యాభ్యాసము

మన పాఠశాలను విడిచిన పిదప కొందఱు వెంటనే కళాశాలకు పోవుదురు. మఱికొందఱు ఇంటి యిబ్బందులవలన సేద్యమునకో, కూలికో, కర్మాగారమునకో పోయి, నాలుగైదేండ్లకు మరల చదువుకొనవలెనని తలంతురు. అప్పుడు వారిని వెనుకకు లాగునది ధనాభావము మాత్రమే కాదు. తమకంటె చిన్నవారి ప్రక్కను కూర్చుండుటకు సిగ్గు. మన సత్యవేడులో ఇట్టివారిని మేమెఱుగుదుము. వారి కొఱకును, వారిని చూచి నవ్వువారి కొఱకును ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

శ్రీమతి దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. నాటి ఆచారము ననుసరించి ఎనిమిదేండ్ల వయస్సుననే ఆమెకు వివాహము చేసిరి. తెలివి వచ్చిన తరువాత ఆ కాపురమునకు ఆమె సమ్మతింపలేదు. తండ్రియు, సోదరుడును ఆమె పక్షముననే నిలిచిరి. బడిలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టగా నిరసించి, చదువు మానివేసెను. అంతటితో ఊరకుండక, తాను నేర్చిన హిందీని ఇతర బాలికలకు నేర్పుటకై రాజమహేంద్రవరముననే ఒక పాఠశాలను నెలకొల్పెను.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె పదునాలుగేండ్ల స్వచ్ఛంద సేవిక. అచ్చటి ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేదని జవాహరులాల్ నెహ్రూగారినే లోనికి పోనీయలేదు. టిక్కెట్టు తెప్పించిన తరువాతనే ఆయనను పంపెను. నియమము ఎల్లరకు నొకటే యని ఆ బాలిక తలంచినది. నెహ్రూగారు కోపింపక మెచ్చుకొనిరి.

1930లో చెన్నపురిలో ఉప్పు సత్యాగ్రహము సాగెను. (ఆ దినములలో మన సత్యవేడు ప్రాంతము చెంగల్పట్టు జిల్లాకు చేరియుండెను, 1960లోనే చిత్తూరు జిల్లాలో కలిసెను. నేడు తిరుపతి జిల్లాలో నున్నది.) ఆ ఉద్యమమున పాల్గొని దుర్గాబాయి 1930 మొదలు 1933 వఱకు పలుమారులు కారాగారమున నుండెను. మధురలో ఏకాంతవాసమును సైతము అనుభవించెను. ఆ కారాగారములలో నేరస్థులుగా వచ్చిన స్త్రీలనేకులను ఆమె చూచెను. చదువు లేక, చట్ట మెఱుగక, తమ పక్షమున పలుకువారు లేక శిక్షలపాలైనవారు వారిలో పలువురు. తాను న్యాయశాస్త్రమును చదివి ఇట్టివారికి తోడ్పడవలెనను సంకల్పము ఆమెకు అచ్చటనే కలిగెను.

అయితే న్యాయశాస్త్రము మెట్టు చాల ఎత్తున నున్నది. ఆమెకు మెట్రిక్యులేషనైనను లేదు. వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఒకప్పుడు నిరసించి విడిచిన ఇంగ్లీషునే ఇప్పుడు పట్టుపట్టి నేర్వవలసి వచ్చెను. పేరు ప్రతిష్ఠలు గడించిన నాయకురాలు పలకపట్టిన పిల్లవలె మరల మొదటినుండి ఆరంభించుట ఎంత కష్టమో పాఠకులు ఊహింపగలరు. ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివి ఉత్తీర్ణురాలయ్యెను.

తరువాత రాజనీతిశాస్త్రము చదువుటకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోవగా మఱొక యడ్డు తగిలెను. వైస్ ఛాన్సలరు మన చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డిగారు. స్త్రీలకు వసతిగృహము లేనందున చేర్చుకొనుట సాధ్యము కాదని వారు తెలిపిరి. దుర్గాబాయి వెనుదిరుగలేదు. తనవలె చదువగోరియు వసతి లేక ఆగియున్న యువతులను పత్రికాముఖమున పిలిచి, కొందఱిని కూడగట్టి, వసతిని తామే ఏర్పఱచుకొనిరి. అంతట ప్రవేశము లభించెను. 1939లో ముప్పదేండ్ల ప్రాయమున ఆమె పట్టభద్రురాలయ్యెను. 1942లో న్యాయశాస్త్ర పట్టమును గైకొని చెన్నపురిలో న్యాయవాదవృత్తి నవలంబించెను.

ఇందులో మేము ముఖ్యముగా గమనించినది మఱొకటి గలదు. తాను ఇంకను విద్యార్థినిగా నుండగనే ఆమె చెన్నపురిలో ఇతర బాలికలను కూర్చుకొని పరీక్షలకు సిద్ధపఱచుచుండెను. ఆ యత్నమే పెరిగి 1937లో ఆంధ్ర మహిళాసభ యయ్యెను. తన చదువు పూర్తియైన పిదపనే పరులకు మేలు చేయుదునని ఆమె కాలము గడపలేదు.

1946లో ఆమె రాజ్యాంగసభ సభ్యురాలయ్యెను. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, ఆ సంవత్సరముననే చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడెను. నడుమ చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలు కొద్దికాలములోనే పరీక్షలకు సిద్ధమగుటకై సంక్షిప్త విద్యాక్రమమును 1958లో ఆ మండలి ఆరంభించెను. తాను ఎక్కిన మెట్లను ఆమె మఱచిపోలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. 1975లో పద్మవిభూషణ బిరుదము పొంది, 1981 మే 9వ తేదీన పరమపదించెను.

అందఱికిని దుర్గాబాయి ధైర్యము ఉండదు. ఆమెకు తోడైనట్టి సోదరుడును అందఱికి దొరకడు. కావుననే తరగతిలోని చిన్నవారిపై ఒక బాధ్యత యున్నది. నాలుగేండ్లు పెద్దవాడొకడు వచ్చి మీ బల్లపై కూర్చుండినయెడల, వాని వయస్సు నడుగకుడు. అన్నా యని పిలిచి, గడచిన పాఠముల వ్రాతపుస్తకము నందింపుడు. ఆలస్యముగా వచ్చిన సోదరీసోదరులకు మా మనవి ఒక్కటే. చదువు మానివేసినను ఆ నాలుగేండ్లు గడచియే తీరును. చదివినయెడల వాని తుదిని మీ చేత పట్టము కూడ నుండును.