సముద్రసంగమ కర్త దారా షికో

పుత్రసంతానము కొరకు అజమీరులోని ఖ్వాజా మొయినుద్దీను చిష్తీ సన్నిధిని మ్రొక్కుకొనిన యువరాజు ఖుర్రమునకు, 1615వ సంవత్సరము మార్చి 20వ తేదీన, ఆ పట్టణ సమీపముననే ఒక కుమారుడు కలిగెను. ఖుర్రము పిమ్మట షాజహానను పేర మొగలు చక్రవర్తి యయ్యెను. ఆ కుమారుడే దారా షికో. చక్రవర్తికి నలుగురు కుమారులున్నను జ్యేష్ఠునియందు ఆయన వాత్సల్యము మితిమీరినది. తక్కిన మువ్వురు దూరపు సుబాలను పాలించుచుండగా, దారా తరచుగా తండ్రి చెంతనే కొలువులో నుండెను. రాబోవు చక్రవర్తి ఇతడే యని లోకమెల్ల ఎంచెను.

దారా చిత్తము చిన్నతనము నుండియు సూఫీ మహాత్ములయందు లగ్నమై యుండెను. లాహోరులో మియా మీరును దర్శించెను. ఆయన శిష్యుడైన ముల్లా షా వలన ఖాదిరీ సంప్రదాయమున ఉపదేశమును పొందెను. సోదరి జహనారా కూడ ఆ గురువునకే శిష్యురాలు. ఇరువదియైదేండ్ల ప్రాయమున, 1640లో, సూఫీ మహనీయుల చరిత్రములను సఫీనతుల్ ఔలియా యను గ్రంథముగా కూర్చెను.

1653లో కాందహారు కోటను పారసీకుల నుండి గైకొనుటకై సైన్యముతో వెడలి, దారా విఫలుడై మరలెను. యుద్ధమున అసమర్థుడను అపవాదు నాటి నుండి ఆయనను వెంటాడెను. అయితే ఆ తిరుగు ప్రయాణమున లాహోరులో ఆగినపుడు బాబా లాలను హిందూ యోగితో ఆయన జరపిన సంభాషణములు పారసీక భాషలో గ్రంథస్థములైనవి. నాదమునకును వేదమునకును భేదమేమి, విగ్రహారాధన అంతరార్థమేమి వంటి ప్రశ్నలను రాకుమారుడడిగెను. యోగి సమాధానములు చెప్పెను.

సంస్కృత పండితులు మొగలు కొలువునకు క్రొత్తవారు కారు. వెలనాటి తెలుగు బ్రాహ్మణుడైన జగన్నాథుడు షాజహాను వలననే పండితరాజ బిరుదమును పొందెను. కాని పండితుని సన్మానించుట వేరు, అతని వేదాంతమును తన సత్యాన్వేషణలో భాగముగా గ్రహించుట వేరు. దారా చేసినది ఈ రెండవ పని. 1655లో రచించిన గ్రంథమునకు మజ్మవుల్ బహ్రైన్ అని పేరిడెను. రెండు సముద్రముల సంగమమని దాని యర్థము. ఆ మాట ఖురానులోనిదే. సూఫీల పరిభాషను వేదాంతుల పరిభాషతో జతపరచి, త్రిమూర్తులను జిబ్రయీలు, మికాయీలు, ఇస్రాఫీలు అను దేవదూతలతోను, మాయను ఇష్కుతోను ఆయన పోల్చెను. సముద్రసంగమమను పేర ఈ గ్రంథమునకు సంస్కృత రూపము కూడ కలదు. ఇరుమతముల సామాన్యజనులతో తనకు నిమిత్తము లేదని, తత్త్వజిజ్ఞాసువుల కొరకే దీనిని వ్రాసితినని దారా స్పష్టముగా తెలిపెను. ఆయన కట్టినది పండితులు నడువదగిన సేతువు. సామాన్యుని కొరకు అట్టి సేతువును అంతకు పూర్వమే కబీరు వంటివారు జనుల భాషలో కట్టియుండిరి.

ఆయన జీవితమున పరమ ప్రయోజనమైన కార్యము 1657లో నెరవేరెను. ఏకేశ్వర తత్త్వపు వివరణను దారా తౌరాతు, జబూరు, ఇంజీలు గ్రంథములలో వెదకెను, తృప్తి కలుగలేదు. పిమ్మట ఉపనిషత్తులలో అది విస్పష్టముగా కానవచ్చినదని నమ్మి, ఖురాను పేర్కొనిన నిగూఢ గ్రంథము ఇదియే యని నిశ్చయించెను. కాశీ నుండి పండితులను, సన్న్యాసులను రావించి, ఢిల్లీలో యమునాతీరమున నిగంబోధ్ భవనమున ఆరు నెలలలో 50 ఉపనిషత్తులను పారసీకమున అనువదించెను. అనువాదమున పలుచోట్ల శంకరుల భాష్యార్థము కూడ చేరినది. దీని పేరు సిర్రె అక్బర్, అనగా పరమ రహస్యము.

ఆ వత్సరము సెప్టెంబరులోనే షాజహాను రోగగ్రస్తుడయ్యెను. సోదరుల నడుమ వారసత్వ యుద్ధము చెలరేగెను. దారా దోషములు లేనివాడు కాడు. అమీరులను పరిహసించుట, హితవును పెడచెవిని పెట్టుట ఆయనకు శత్రువులను పెంచెను. 1658లో ఆగ్రా సమీపమున సామూగఢ్ రణమున ఆయన ఏనుగును దిగి గుఱ్ఱము నెక్కగా, ప్రభువు పడిపోయెనని తలచి సైన్యము చెదరెను. మరు వత్సరము అజమీరు చెంత మరల ఓడెను. పలాయనమున భార్య నాదిరా బాను మరణించెను. మియా మీరు సమాధి చెంత ఖననము చేయుటకై ఆమె దేహమును లాహోరునకు పంపెను. తాను పూర్వము మరణశిక్ష నుండి కాపాడిన మాలిక్ జీవనే ఆయనను పట్టి శత్రువులకు ఒప్పగించెను.

బ్రాహ్మణులతోను యోగులతోను చెలిమి చేసెననియు, వేదములను దైవవాక్కుగా భావించెననియు, ఉంగరములపై నాగరలిపిలో ప్రభు అను నామమును చెక్కించెననియు ఔరంగజేబు కొలువు చరిత్రమైన ఆలంగీర్‌నామా దారాను నిందించినది. మతవిషయమున ఇట్టి నింద లేని సోదరుడు మురాదు కూడ 1661లో వధింపబడుటను బట్టి, సింహాసనమే మూలకారణమని ఊహింపవచ్చును. అయినను దారా మరణమునకు ఆధారముగా చూపబడినది మతద్రోహము. 1659 ఆగస్టు 30వ తేదీ రాత్రి ఆయన వధింపబడెను.

ఆయన దేహమును హుమాయూను సమాధి మందిరమున ఖననము చేసిరి. పేరు చెక్కని ఆ సమాధిని గుర్తించుటకై 2020లో కేంద్ర ప్రభుత్వము పురావస్తు నిపుణుల సంఘమును నియమించెను. గ్రంథమునకు మాత్రము అట్టి అజ్ఞాతవాసము కలుగలేదు. ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరోన్ సిర్రె అక్బరును లాటిను భాషలోనికి మార్చి 1801, 1802 సంవత్సరములలో ప్రకటించెను. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హావరు ఉపనిషత్తులను పఠించినది ఆ లాటిను ప్రతిలోనే. కాశీ పండితుల నోట వెడలిన అర్థము, మొగలు రాకుమారుని పారసీకము ద్వారా, ఐరోపా ఖండమును ఈ విధముగా చేరెను. రాజ్యము కొరకు సోదరులు చేసిన యుద్ధము రెండేండ్లలో ముగిసెను. దానికి పూర్వము ఆరు నెలలు జరిగిన ఆ అనువాదపు ఫలితము నేటికిని పఠింపబడుచున్నది.