మైకేల్ ఫారడే మహాశయుడు

గ్రంథాలయ రజతోత్సవ శుభసమయమున, గ్రంథములవలననే మహనీయుడైన యొక పురుషుని చరిత్రమును స్మరించుట యుచితము.

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత నొక కమ్మరి యింట జన్మించెను. పేదరికముచే నతని బడిచదువు చదువను వ్రాయను నేర్చుటతోనే నిలిచిపోయెను. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, యేడేండ్లు ఆ వృత్తి నేర్చెను. పగలు తాను కుట్టిన పుస్తకములనే తీరికవేళ చదివెడివాడు. విజ్ఞానసర్వస్వములోని విద్యుత్ప్రకరణ మతని మనస్సు నాకర్షించెను. 1812లో హంఫ్రీ డేవీ పండితుని యుపన్యాసములు విని, వాని సారమును వ్రాసికొని, స్వహస్తములతో బైండు చేసి యాయనకు పంపెను. గురువు నాశ్రయించుటకు ఆ శిష్యుడు గొనిపోయిన సమిధలు ఆ కాగితములే! మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుడయ్యెను.

విద్యుత్తు అయస్కాంతశక్తిని గలిగించునని 1820లో ఎర్‌స్టెడ్ కనుగొనెను. అయస్కాంతమువలన విద్యుత్తు పుట్టదా యని ఫారడే పెక్కేండ్లు విచారించెను. 1831 ఆగస్టు 29న, ఇనుప వలయముపై రెండు తీగచుట్టలు చుట్టి చేసిన ప్రయోగమున రహస్యము తొంగిచూచెను. అక్టోబరు 17న తీగచుట్టలోనికి అయస్కాంతమును త్రోసినపుడును, వెలికి లాగినపుడును సూచిక కదలెను. ఊరక యుంచిన కదలలేదు. అక్టోబరు 28న అయస్కాంత ధ్రువముల నడుమ రాగిబిళ్ళను త్రిప్పగా విద్యుత్తు నిలకడగా ప్రవహించెను. జనరేటరులకు మూల మదియే.

దానివలన తేలిన ధర్మమేమన, మార్పు ఎంత వేగమో వోల్టేజి యంత. అయస్కాంతబలమును, తీగచుట్ల సంఖ్యయు మారనిచో, నిమిషమునకు 500 మారులు తిరిగి 100 వోల్టులు పుట్టించు యంత్రము, 1000 మారులు తిరిగిన 200 వోల్టులు పుట్టించును, ఆగిన సున్న. త్రైరాశికమునకు లొంగు లెక్క యిది. సైకిలు డైనమో దీపము, తొక్కుడు హెచ్చినకొలది ప్రకాశించుట కిదియే కారణము. విద్యుత్కేంద్రములందు మాత్రము వేగమును స్వేచ్ఛగా మార్పరాదు. మన విద్యుత్తునకు సెకనుకు 50 ఆవర్తనము లుండవలెను గనుక, రెండు ధ్రువముల యంత్రము నిమిషమునకు 3000 మారులే తిరుగవలెను. కావున వేగమును స్థిరముగ నుంచి, అయస్కాంతబలమును హెచ్చించియు తగ్గించియు వోల్టేజిని సరిదిద్దుదురు.

ఫారడేకు గణితమున ప్రవేశము స్వల్పము. ఆయన బలరేఖలుగ నూహించినదానికి పిదప మాక్స్‌వెల్ గణితరూప మొసగెను. రాయల్ సొసైటీ యధ్యక్షపదవి తన్ను వరించి వచ్చినను ఫారడే నిరాకరించెను. 1867 ఆగస్టు 25న దివంగతుడయ్యెను.

సోదరులారా! మన బీరువాలోని అట్ట చినిగిన పుస్తకమును రేపు ఏ పేదబాలుడు తెరచునో యెవరెరుగుదురు? అట్టను బాగుచేయించి, తలుపు తెరచియుంచుట మన విధి.