కాలువగట్టున క్లౌ దొరగారు

మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సమయమున, మన సంఘముల చరిత్రనే గాక తెలుగు దేశపు క్రైస్తవులందరి చరిత్రను తలంచుకొనుట మేలు. డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బాప్టిస్టు మిషనువారు. మన ఆరాధన క్రమము వేరు, వారిది వేరు. అయినను ఒక కరువు కాలమున ఆయన కాలువగట్టున గడిపిన కొలది మాసముల జీవితము మనకందరికిని ఉమ్మడి ఆస్తియని మేము తలంచుచున్నాము. క్రైస్తవులు గంజికొరకు మతము పుచ్చుకొన్నారను మాట మన పెద్దలు విన్నారు, మన పిల్లలును వినుచున్నారు. ఆ మాటకు జవాబు చెప్పవలెనన్న ఆ కాలువగట్టునకు వెళ్లవలెను.

క్లౌ దొరగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో భూములు కొలిచి సర్వే పని నేర్చుకొనిరి. ఆ విద్య ఏనాటికి, ఎక్కడ పనికివచ్చునో అప్పుడు ఆయనకు తెలియదు. 1865లో మన దేశమునకు వచ్చి, కొంతకాలము నెల్లూరులో జూయెట్ దొరగారితో ఉండి, 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. తోళ్ల వ్యాపారముచేయు ఎర్రగుంట్ల పేరయ్యగారి వంటివారి సాక్ష్యమువలన సువార్త ఒక పల్లెనుండి మరియొక పల్లెకు, ముఖ్యముగా మాదిగ కుటుంబములలోనికి పాకెను.

ఇంతలో 1876లో వానలు తప్పిపోయెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది ఇదియే. పైరులు ఎండెను, పశువులు చచ్చెను, ఊరిలో కూలి దొరకకపోయెను. ప్రభుత్వమువారు కరువు పనులు తెరచిరి గాని, అక్కడి చిన్న ఉద్యోగుల చేతిలో బీదలు, అందులోను అంటరానివారనబడినవారు పడిన అవమానములు ఇన్నన్ని కావు. వారు వచ్చి దొరగారి యెదుట మొరపెట్టుకొనిరి. ఆ రోజులలో కృష్ణా కాలువలనుండి చెన్నపట్నమువరకు పడవలు నడచుటకై సముద్రతీరము వెంబడి బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు 1877లో ఆ కాలువలో 3½ మైళ్ల పనిని స్వయముగా కాంట్రాక్టుకు తీసికొనిరి. మిన్నెసోటాలో నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చినది.

రాజుపాలెమువద్ద మకాము ఏర్పడెను. ఉండుటకు పాకలు వేయించిరి, త్రాగునీటికి బావులు త్రవ్వించిరి. మిషను బంగళాలో ఉండవలసిన దొరగారు ఈ మకాములో కొలతలు చూచుచు, లెక్కలు వ్రాయించుచు, కూలి పంచుచు దినములు గడిపిరి. మట్టిపని మనదేశములో ఒడ్డెవారి వృత్తి. ఇక్కడికి వచ్చినవారో తోలుపని, పొలముపని చేసికొనువారు, అదియు ఆకలిచే నీరసించినవారు. మగవారు త్రవ్విరి, ఆడవారు తట్టలతో మట్టి మోసిరి. అలవాటులేని పనికి అరచేతులు బొబ్బలెక్కెను. అయినను అది బిచ్చము కాదు, కష్టార్జితము. అక్కడ వారిని తిట్టువారు లేరు, వారి కూలిని కాజేయువారు లేరు.

దొరగారు మేస్త్రీలను బయటినుండి తేలేదు. తన ప్రసంగీకులనే ఒక్కొక్క గుంపుపై నియమించిరి. పని ఆగిన వేళ ఆ ప్రసంగీకుడే కూలివారి నడుమ కూర్చుండి, వారి కష్టము విని, ప్రభువును గూర్చి చెప్పుచుండెను. అలసినవారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన మత్తయి 11వ అధ్యాయపు వాక్యమును దొరగారు మరల మరల ప్రసంగించిరి. రోజంతయు మట్టి మోసినవారికి ఆ వాక్యమును విడమరచి చెప్పవలసిన పనిలేదు. మకాములో కలరా వచ్చెను, మరణములు కలిగెను, భయము పుట్టెను. అయినను పని సాగెను. కొందరు ఇండ్లకు వెళ్లగా మరికొందరు వచ్చుచుండిరి. వెళ్లినవారు కూలితోపాటు వాక్యమునుకూడ తమ పల్లెలకు తీసికొనిపోయిరి.

ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. వేలమంది బాప్తిస్మము కావలెనని అడుగుచుండగా క్లౌ దొరగారు ఇయ్యలేదు. తన చేత ధనమున్నంతకాలము, దానికొరకు ఒక్కడైనను సంఘములో చేరరాదని, ఏడాదికి పైగా వారిని ఆపి ఉంచిరి. సంఘపు లెక్క పెంచుకొనుటకు అంతకన్న అనువైన కాలము మరియొకటి లేదు. అట్టి సమయమున చేయి వెనుకకు తీసికొనుట సామాన్యమైన సంగతి కాదు.

1878లో సహాయము ముగిసినది. దొరగారు ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లికి ప్రసంగీకులను పిలిచిరి. కొత్తవారిని వెంట తేవద్దనిరి. అయినను జనులు గుంపులుగా వచ్చిరి. ఇక పని లేదు, డబ్బు లేదు, ఇండ్లకు పొండని దొరగారు వారికి చెప్పిరి. వారు కదలలేదు. తాము కష్టపడి తిన్నామనుటకు అరచేతుల బొబ్బలే సాక్ష్యమనియు, ఇప్పుడు కోరునది డబ్బు కాదనియు, చచ్చినను క్రీస్తువారమై చత్తుమనియు జవాబిచ్చిరి. ఇక ఆపుటకు ఆయనకు అధికారము లేకపోయెను. ప్రసంగీకులు తమ తమ పల్లెలవారిని ఎరిగి, విచారించి ముందుకు తెచ్చిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 2,222 మంది పొందిన దినమున నీటిలోనికి దిగినవారు ప్రసంగీకులే, దొరగారు కారు. ఆ సంవత్సరము ముగియులోగా ఆ సంఖ్య 9,606కు చేరెను.

క్లౌ దొరగారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి. వారిని కాలువగట్టునకు రప్పించినది ఆకలియే, ఇది మనము దాచనవసరము లేదు. అయితే గుండ్లకమ్మ యొడ్డునకు రప్పించినది ఆకలి కాదు. ఆ రెంటి నడుమ ఒక సంవత్సరమునకు మించిన ఎడమును ఉంచిన దైవజనుని మనము మరువరాదు. నేడు మన సంఘములును బడులు, ఆసుపత్రులు, తుపాను సహాయములు నడుపుచున్నవి. ఆకలిగొన్నవానికి పని చూపుదము, కూలి సరిగా ఇత్తము, వాని ప్రక్కన కూర్చుండి ప్రభువును గూర్చి చెప్పుదము. కాని మన చేతిలోని రొట్టెను చూచి ఎవడును మోకరింపకుండునట్లు జాగ్రత్తపడుదము. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన అధ్యక్ష ఖండమునకు ప్రభువు ఈ వివేకమును దయచేయును గాక.