రోనాల్డ్ రాస్

హిమాలయ పర్వత సానువులయందు అల్మోరా యను చిన్న పట్టణము కలదు. 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన రోనాల్డ్ రాస్ అచ్చట జన్మించెను. మీరటులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే అయియుండెను. తండ్రి క్యాంబెల్ రాస్ ఇంగ్లీషువారి సైన్యములో ఉద్యోగి. తరువాతి కాలమున సేనాధిపతి పదవి నందెను. ఆయన పదిమంది సంతానములో రోనాల్డ్ పెద్దవాడు.

ఆ కాలపు ఇంగ్లీషు అధికారుల బిడ్డలవలెనే రోనాల్డును ఎనిమిదవ యేట ఇంగ్లండునకు పంపిరి. వైట్ ద్వీపమున బంధువుల కుటుంబముతో నుండి అతడు చదువుకొనెను. చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము, వీనియందు అతనికి మిక్కుటమైన ప్రీతి. పదునారవ యేట ఒక పరీక్షలో చిత్రలేఖనమున దేశమంతటికి మొదటివాడుగా నిలిచెను. పెద్దవాడనై కవినో చిత్రకారుడనో కావలెనని అతడు నిశ్చయించుకొనెను. తండ్రి నిశ్చయము వేరు. కుమారుడు వైద్యము నేర్చి హిందూదేశములోని సైనిక వైద్యశాఖలో చేరవలెనని ఆయన పట్టుపట్టెను. తండ్రిమాట దాటుటకు రోనాల్డునకు ధైర్యము చాలలేదు. 1874లో లండనులోని సెంటు బర్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను.

అతడు మంచి విద్యార్థి యని చెప్పుటకు వీలులేదు. శరీరశాస్త్ర గ్రంథములు బల్లపై మూతపడి యుండగా అతడు పాటలకు బాణీలు కట్టుచు, నాటకములు వ్రాయుచు దినములు గడపెను. 1879లో శస్త్రవైద్య పరీక్షలో ఎట్లో నెగ్గెను గాని, ఔషధవైద్య పరీక్షలో తప్పెను. ఇది తండ్రికి కోపకారణ మయ్యెను. తండ్రి సొమ్ముపై బ్రతుకుట కిష్టములేక రోనాల్డ్ కొంతకాలము అట్లాంటిక్ సముద్రమున తిరుగు ఓడలలో వైద్యుడుగా పనిచేసెను. మరల పరీక్షకు కూర్చుండి నెగ్గి, 1881లో సైనిక వైద్యశాఖలో ప్రవేశించెను. అతనికి మద్రాసు రాజధాని లభించెను.

తరువాతి ఏడు సంవత్సరములు పెద్దగా చెప్పుకొనదగినవి కావు. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను ద్వీపములు, ఇట్లు దండు వెళ్లిన చోటికి అతడును వెళ్లెను. ఉదయమున రెండు గంటలు రోగులను చూచిన పిదప పనియుండెడిది కాదు. మిగిలిన ప్రొద్దంతయు గుఱ్ఱపుస్వారికిని, ఆటలకును, కవిత్వమునకును, గణితమునకును చెల్లెను. వ్రాసినవాటిలో ఒక నవల 1889లో అచ్చయ్యెను గాని పేరు తేలేదు.

ఆ కాలపు సంగతి ఒకటి మాత్రము జ్ఞాపకముంచుకొనదగినది. 1883లో బెంగుళూరున అతడున్న బంగళాలో దోమల బాధ విపరీతముగా నుండెను. కారణ మరయగా, కిటికీ వెలుపల నున్న నీళ్లపీపాలో దోమల పిల్లపురుగులు గుంపులుగా కదలుచు కనబడెను. పీపాను బోర్లింపగా దోమలు తగ్గెను. దండులోని భోజనశాల యొద్ద నున్న తొట్లనుగూడ ఇట్లే చేయింపుమని అతడొక అధికారిని కోరెను. దోమలనుగూడ సృష్టికర్త ఏదో ప్రయోజనముకొఱకే పుట్టించి యుండునని, వానిని ఓర్చుకొనుటయే కర్తవ్యమని ఆ అధికారి సెలవిచ్చెను. రాస్ కూడ ఆ విషయమును అంతటితో విడిచెను. చేతికి చిక్కిన దారమును అతడు తిరిగి పట్టుకొనుటకు పన్నెండేండ్లు పట్టినది.

1888లో సెలవుపై ఇంగ్లండు చేరునప్పటికి అతనికి ముప్పదియొక్క యేండ్లు. కవిగా పేరు రాలేదు. వైద్యుడుగా చేసినది లేదు. చుట్టును లక్షలాది జనులు జ్వరములతో చచ్చుచుండగా తాను జీతము తీసికొని ఊరకుంటినను సిగ్గు అతనిని కుదిపినది. వైద్యముపై అతనికి ప్రేమ పుట్టినదని తలపరాదు. పూనుకొన్న పనిని సరిగా చేయవలెననెడి పట్టుదల మాత్రమే పుట్టినది. ఆ సెలవులోనే ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొందెను. క్లైన్ అను పండితుని యొద్ద సూక్ష్మజీవిశాస్త్రము నేర్చెను. సూక్ష్మదర్శినిని పట్టుట, రక్తపుబొట్టును గాజుపలకపై పలుచగా పఱచుట మొదలగు చిన్నచిన్న పనులను విద్యార్థివలె ఓపికతో అభ్యసించెను. ఆ సెలవులోనే రోసా బ్లాక్సమను ఆమెను వివాహమాడి, 1889లో హిందూదేశమునకు మరలివచ్చెను.

అప్పటికి మలేరియా జ్వరమును గూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. ఆ పేరునకే చెడుగాలి యని అర్థము. బురదనేలలనుండి వెలువడు ఆవిరివలన జ్వరము వచ్చునని జనులు నమ్ముచుండిరి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తములో ఒక పరాన్నజీవిని కనుగొనెను. రాస్ కూడ ఎందఱో రోగుల రక్తమును పరీక్షించెను. ఏమియు కనబడలేదు. తనకు కనబడలేదు గనుక లేనేలేదని నిశ్చయించి, లావెరాన్ మాట తప్పని వ్యాసములు వ్రాసెను! నిజమునకు లోపము అతని చూపులోనే, అనగా అతని సాధనలోనే యుండెను. 1894లో మరల సెలవుపై లండనునకు పోయినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు అతనిని సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి ఆ జీవిని చూపెను. తన పొరపాటును ఒప్పుకొనుటకు రాస్ జంకలేదు.

మాన్సన్ పూర్వము చైనాలో నుండగా, బోదకాలు వ్యాధిని కలిగించు సన్నని పురుగు దోమ శరీరములో ప్రవేశించునని కనుగొనినవాడు. మలేరియా జీవియు దోమలోనికే పోవుచుండవచ్చునని ఆయన ఊహ. ఆ ఊహను ఋజువు చేయు పనిని రాస్ తలపై నెత్తుకొనెను. 1895లో సికింద్రాబాదులోని పటాలమునకు చేరిన నాటినుండి వారిద్దఱి నడుమ ఎడతెగని ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. రాస్ వ్రాసినవే నూటికి పైగా నున్నవి.

సికింద్రాబాదులో అతడు ఆరంభించిన పని ఎట్టిదో కొంచెము వివరముగ చెప్పవలెను. దోమ యెంతటి జీవి? దాని కడుపు యెంతటిది? సూదిమొనలతో ఆ కడుపును చిరుగకుండ వెలికితీసి, గాజుపలకపై పఱచి, ఒక్కొక్క కణమును వెదకవలెను. మొదట ఒక్క దోమకే గంటలు పట్టెడిది. దోమలలో జాతు లెన్ని యో అతనికి తెలియదు. తెలిసికొనుటకు చేతిలో గ్రంథమును లేదు. బూడిదవన్నెవి, చారలవి, రెక్కలపై మచ్చలవి అని తానే గుర్తులు పెట్టుకొనెను. తొలి రెండేండ్లు అతడు కోసినవన్నియు మొదటి రెండు జాతులవే. వానిలో మనుష్యుల మలేరియా పెరుగదు! ఆ సంగతి అతడెఱుగడు. వెదకినది దొరకకపోవుటకు తన చేతినైపుణ్యము చాలకపోవుటయే కారణమేమో యని పలుమారులు శంకించెను. కాని ఆ రెండేండ్లలో దోమ శరీరములో సహజముగా నుండు ప్రతి కణమును అతనికి కంఠపాఠమైనది. అసహజమైనది కనబడిననాడు గుర్తించుటకు అక్కఱకు వచ్చినది ఆ పరిచయమే.

పొరపాట్లును లేకపోలేదు. దోమలు నీటిపై చచ్చునని, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చునని మాన్సన్ భావించెను. రాస్ అట్టి నీటిని కూలి యిచ్చి కొందఱిచేత త్రాగించి చూచెను. నేడట్టి పరీక్షకు ఏ వైద్యసంఘమును అనుమతింపదు. ఆ త్రోవ ఎటును చేర్పలేదు.

పని సాగుచుండగనే ప్రభుత్వమువారు అతనిని బెంగుళూరునకు కలరా నివారణకై పంపిరి. 1897లో ఉదకమండలము ప్రాంతమున సిగూరు కనుమలో అతనికే మలేరియా సోకెను. తిరిగి సికింద్రాబాదు చేరునప్పటికి జూను మాసము. ఎండ భరింపరానిదిగా నుండెను. పంకా లాగించిన దోమలు ఎగిరిపోవును గనుక గాలిలేని గదిలోనే కూర్చుండవలెను. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటితో చూచు అద్దము పగిలియుండెను. చిన్న యీగలు గుంపులుగా వచ్చి కన్నులలోను చెవులలోను దూరుచుండెను.

ఆగష్టు నడుమ అతని పనివారిలో నొకడు ఒక సీసాలో పిల్లపురుగులను పట్టితెచ్చెను. వానినుండి మచ్చల రెక్కల దోమలు వెలువడెను. ఇవి క్రొత్తవి. ఆసుపత్రిలో మలేరియాతో నున్న హుసేన్ ఖాన్ అను రోగిని తెరలోపల పరుండబెట్టి 16వ తేదీన ఆ దోమలచేత కుట్టించిరి. కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. ఆ రోగి పేరు శాస్త్రచరిత్రలో నిలిచినది గాని అతని తక్కిన జీవితమును గూర్చి చరిత్రకారులు పట్టించుకొనలేదు.

కొన్ని దోమలు చచ్చినవి. కొన్నిటిలో ఏమియు దొరకలేదు. 20వ తేదీ నాటికి మిగిలినవి బహు కొలది. మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున రాస్ వానిలో ఒకదానిని కోసెను. కన్నులు అలసియుండెను. కడుపు దాదాపుగ అంతయు వెదకుట ముగిసెను. అప్పుడు గోడపై గుండ్రని కణ మొకటి కనబడెను. అట్టిది దోమ కడుపులో ఉండదగినది కాదని అతనికి తత్‌క్షణమే తెలిసెను. సూక్ష్మదర్శినిని సవరించి చూడగా అందులో నల్లని రేణువులు కలవు. అవి మలేరియా జీవిలో నుండు రేణువులే. మఱునాడు వేఱొక దోమను కోయగా అట్టి కణములే మరింత పెద్దవై యుండెను. లోపల జీవి పెరుగుచున్నదన్నమాట.

ఇంతలో ప్రభుత్వ మతనిని రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసెను. అచ్చట మలేరియా రోగులే అరుదు! మాన్సన్ లండనులో పెద్దల నాశ్రయించి ప్రయత్నింపగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు అవకాశము దొరికెను. ప్లేగు టీకాల భయముచేత అచ్చటి జనులు రక్తమిచ్చుటకు ఒప్పుకొనలేదు. అందువలన రాస్ పిచ్చుకలకు వచ్చు మలేరియాను చేపట్టెను. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు అతనికి కుడిభుజమై దోమలను పెంచుటయందు తోడ్పడెను. జూలైలో దోమ తలయొద్ద నున్న లాలాజల గ్రంథులలో ఆ జీవులు గుంపులుగా కనబడెను. అట్టి దోమలచేత ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టింపగా వానికి వ్యాధి వచ్చెను. చెడుగాలియు కాదు, త్రాగునీరును కాదు. దోమకాటే త్రోవ యని తేలినది. మనుష్యుల విషయమున ఆ సంవత్సరము చివరనే ఇటలీలో గ్రాస్సీయు అతని తోడివారును దీనిని ఋజువు చేసిరి.

1899లో ఉద్యోగము విడిచి రాస్ లివర్పూలులోని ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. పశ్చిమ ఆఫ్రికాకును, సూయజ్ కాలువ తీరమునకును పోయి నీటిగుంటలను పూడ్పించు పద్ధతులను బోధించెను. 1902లో నోబెల్ బహుమతి నొందెను. ఇంగ్లీషువారిలో ఆ బహుమతి పొందిన మొదటివాడు అతడే. చిన్ననాటి గణితమును ఊరకపోలేదు. ఒక ఊరిలో దోమల సంఖ్య ఒక మేరకు తగ్గినచో, ఒక్కటి మిగులకుండ చంపకయే, వ్యాధి దానంతట తగ్గిపోవునని అతడు లెక్కలు కట్టి చూపెను. ఆ లెక్కలను శాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్నారు.

స్వభావమున రాస్ శాంతుడు కాడు. కనుగొనిన కీర్తి యెవ్వరిదను విషయమున గ్రాస్సీతో అతడు ఏండ్లతరబడి తగవులాడెను. ఇరువురును పరుషముగనే వ్రాసికొనిరి. తన శ్రమకు తగిన ధనము ముట్టలేదని ప్రభుత్వముపై నిష్ఠురములాడుచు, 1928లో తన ఉత్తరములను, కాగితములను విక్రయించెను. గురుతుల్యుడైన మాన్సనుతోను చివరకు చెడెను. ఇవి అతని కీర్తికి శోభ తెచ్చినవి కావు.

1927లో అతడు కలకత్తాకు వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి యొద్ద తన పేర కట్టించిన ద్వారమును చూచెను. 1932 సెప్టెంబరు 16న లండనులో, తన పేర నెలకొల్పబడిన పరిశోధనాలయములోనే మరణించెను. కవిత్వము వ్రాయుట అతడెన్నడును మానలేదు. ఆగష్టు 20వ తేదీని ప్రపంచమంతట దోమల దినముగ పాటింతురు. హైదరాబాదులోని బేగంపేటలో అతడు పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి అధీనమునకు వచ్చి, నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది.