రేడియో అన్నయ్య

కథ చెప్పువారికి ఊఁ కొట్టువారు కావలెను. రేడియో ముందు కూర్చుండి ఊఁ కొట్టిన నెవరికి వినిపించును? ఈ చిక్కును విడదీసినవారు న్యాయపతి రాఘవరావుగారు (1905–1984). మదరాసు రేడియో కేంద్రమున బాలలను శ్రోతలుగా మాత్రమే ఉంచక, మైకు ముందు నిలిపి, వారిచేతనే కథలు చెప్పించి, పాటలు పాడించి, నాటికలాడించిరి. తెలుగు పిల్లలకు ఆయన ‘రేడియో అన్నయ్య’; సతీమణి కామేశ్వరిగారు ‘రేడియో అక్కయ్య’. ఈ దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. పిదప హైదరాబాదునకు వచ్చియు ఆ పనిని మానలేదు.

ఆయన పద్ధతికి రేడియోయే ఉండనక్కరలేదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలోని ఏ బడిలోనైనను, ఏ గ్రంథాలయమునందైనను ఉపాధ్యాయుడు లేపాక్షి విరూపణ్ణ కథను సగమున నిలిపి, తక్కినది పిల్లలకు విడిచిన చాలును. వెనుక వరుసలో మౌనముగా నుండు బాలుడును నోరు విప్పును.