చాపంత చోటులో వ్యాయామం: జోసెఫ్ పిలాటెస్ జీవితం

ఆరోగ్యమే మహాభాగ్యమని చిన్నప్పటి నుంచీ బడిగోడల మీద చదువుతూనే ఉన్నాం. పుట్టుకతో ఆ భాగ్యం దక్కకపోయినా, దాన్ని తన శ్రమతో సంపాదించుకున్న మనిషి జోసెఫ్ పిలాటెస్. నగరాల్లో ఫీజులు తీసుకుని నేర్పే పిలాటెస్ వ్యాయామానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ బోర్డులు చూసి ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారమని మనం పక్కకు తప్పుకుంటాం. కానీ దాని పుట్టుక కథ వేరు.

జోసెఫ్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణంలో జన్మించారు. బాల్యమంతా జబ్బులతోనే గడిచింది. ఉబ్బసం, కీళ్లవాత జ్వరం, వాటికి తోడు రికెట్స్. విటమిన్ డి, కాల్షియం చాలక పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు అది. తోటిపిల్లలు ఆడుకుంటుంటే ఊపిరి అందక కూర్చున్న ఆ పిల్లవాడు తన ఒంటిని తానే బాగుచేసుకోవాలని పట్టుబట్టాడు. జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ నేర్చుకున్నాడు. కండరాలు ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటాయో, ఎలా కదులుతాయో శ్రద్ధగా గమనించాడు. యువకుడయ్యేసరికి బలమైన శరీరం అతని సొంతమైంది.

1912 ప్రాంతంలో ఆయన బతుకుతెరువు కోసం ఇంగ్లండు వెళ్లారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లండులో ఉన్న జర్మన్లను శత్రుదేశస్థులని నిర్బంధించారు. జోసెఫ్ ఏ నేరమూ చేయలేదు. పుట్టిన దేశమే ఆయన నేరమైంది. మొదట లాంకాస్టర్‌లో, తర్వాత ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నాకలో శిబిరంలో ఉంచారు. ఆ శిబిరంలో ఒక దశలో ఇరవై వేలకు పైగా మనుషులు ముళ్లకంచెల మధ్య, చెక్క గుడిసెల్లో బతికారు. చేయడానికి పనిలేక, ఎప్పుడు వదులుతారో తెలియక ఎందరో మనసు చెడి కుంగిపోయారు.

అక్కడ ఆయన దగ్గర బరువులు లేవు, యంత్రాలు లేవు. ఉన్నది నేల, ఒళ్లు, ఊపిరి. మనిషి పడుకుంటే పట్టేంత చోటులో చేయగలిగే కదలికలను కూర్చి, తోటి ఖైదీలకు నేర్పారు. మంచం పట్టిన రోగులు పడుకునే కాళ్లూ చేతులూ ఆడించడానికి మంచాలకు స్ప్రింగులు బిగించారని, తర్వాతి కాలపు యంత్రాలకు అదే మూలమని ఆయన శిష్యపరంపర చెప్పుకుంటుంది.

ఆయన తన పద్ధతికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ. అంటే ఒంటిని మనసు అదుపులోకి తెచ్చుకునే విద్య. పొట్ట, నడుము, వీపు, తుంటి చుట్టూ ఉన్న కండరాలు గట్టిపడితే వెన్నెముక నిటారుగా నిలుస్తుందన్నది దాని సారం. ఎన్నిసార్లు చేశామన్నది ముఖ్యం కాదు, ఎంత నిదానంగా, ఎంత సరిగా చేశామన్నదే లెక్క.

యుద్ధం ముగిశాక జర్మనీ చేరి, 1926లో అమెరికా వెళ్లారు. ఆ ఓడ ప్రయాణంలో పరిచయమైన క్లారా జీవితాంతం ఆయనకు తోడుగా నిలిచారు. న్యూయార్క్‌లో ఎయిత్ అవెన్యూ 939 నంబరు భవనంలో ఇద్దరూ కలిసి వ్యాయామశాల నడిపారు. జార్జ్ బాలంచైన్, మార్తా గ్రాహం వంటి నృత్య దిగ్గజాలు అక్కడికి వచ్చారు. దెబ్బలు తగిలిన నర్తకులు అక్కడ మళ్లీ కాలు కూడదీసుకున్నారు. 1945లో వెలువడిన ఆయన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలున్నాయి.

వైద్యులు, పాఠశాలలు తన పద్ధతిని స్వీకరించాలని ఆయన ఎంతో ఆశపడ్డారు. ఆ ఆశ ఆయన ఉండగా తీరలేదు. సిగార్ల అలవాటు కూడా ఆయనను వదల్లేదు. సరిగా ఊపిరి తీయడం లోకానికి నేర్పిన ఆయన 1967 అక్టోబరులో, 83 ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశారు. ఆయన మంచిని తీసుకుందాం, ఈ ఒక్కటీ వదిలేద్దాం.

ఆయన పోయాక ఆ పేరు మీద హక్కు తమదేనని కొందరు కోర్టుకెక్కారు. 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, యోగా, కరాటేల్లాగే పిలాటెస్ కూడా ఒక వ్యాయామ పద్ధతి పేరేనని, అది ఏ ఒక్కరి సొత్తూ కాదని తీర్పు చెప్పింది. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అది మనది కూడా.

ఒక్కటి చేసి చూడండి. దుప్పటి మడతపెట్టి పరుచుకుని వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడవండి. తల, భుజాలు కొంచెం పైకెత్తి, చాపిన చేతులను ఒంటి పక్కన చిన్నగా పైకీ కిందికీ ఆడించండి. ఐదు ఊపులకు గాలి లోపలికి, ఐదు ఊపులకు బయటికి. పదిసార్లకు నూరు ఊపులవుతాయి. దీని పేరే హండ్రెడ్. మొదట్లో మూడు సార్లు చాలు. మెడ లాగితే తల దించేయండి. తిన్న వెంటనే వద్దు. నడుము నొప్పి ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే చేయండి.

ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని గంటలకొద్దీ వంగి చదివే వీపులు మనవి. అంతకన్నా పాత వంపు ఒకటుంది. మన తాతలు ఊరి పెద్దల గడప ముందు నడుము వంచి నిలబడ్డారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. ఇంటర్వ్యూ గదిలో నోరు తెరవకముందే మన నిలబడే తీరును చూస్తారని నాకు తెలుసు. చదువు తల ఎత్తుకునే ధైర్యమిస్తుంది. ఎత్తిన తలను మోయాల్సింది వెన్నెముక. దానికి రోజుకు పది నిమిషాలు, చాపంత చోటు చాలు. ఆ చోటు ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంది.