గెడ్డిస్ దొరగారి తులసి మొక్కలు

ఈ ప్రత్యేక సంచికకు మొక్కల పెంపకం మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. టౌన్ ప్లానింగ్ విభాగంలో 31 ఏళ్ళు పనిచేసినవాణ్ణి కదా అని ఆయన ఉద్దేశం. నిజం చెప్పాలంటే, నేను నాటించిన మొక్కల గురించి రాయడానికి నాకు మొహం చెల్లదు. ఏటా వనమహోత్సవానికి గుంటలు తవ్వించాం, రిజిస్టర్లో లెక్క రాశాం. వేసవి వచ్చేసరికి కంచెలు మిగిలేవి, మొక్కలుండేవి కావు. ఆ వీధివాళ్ళను మేము ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అడిగి, వాళ్ళతో చేయించి చూపిన సర్ పాట్రిక్ గెడ్డిస్ గారి సంగతి చెబుతాను.

ఆయన 1854 అక్టోబరు 2న స్కాట్లండులోని బాలటర్‌లో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసినవారు. పెర్త్‌లో తమ ఇంటి తోటలో కుమారుడికి మొక్కల పని నేర్పింది ఆయనే. గెడ్డిస్ లండన్‌లో హక్స్లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించారు. 1879లో మెక్సికోలో ఉండగా కంటిచూపు దెబ్బతిని, కొన్ని వారాలు చీకటి గదిలో గడపవలసి వచ్చింది. ఇక సూక్ష్మదర్శిని పని సాగదని తేలడంతో ఆయన మనసు మనుషుల మీదికి, ఊళ్ళ మీదికి మళ్ళింది.

1886లో ఆనా మార్టన్‌తో వివాహమైంది. ఆ దంపతులు మంచి పేట వదిలి, ఎడిన్‌బరో పాతపట్నంలో జేమ్స్ కోర్టు అనే మురికివాడలో కాపురం పెట్టారు. కలవారు ఎప్పుడో కొత్తపట్నానికి తరలిపోగా, బీదవారు పాత మేడల్లో కిక్కిరిసి ఉన్న చోటది. ఆయన స్వయంగా చీపురు పట్టారు, గోడలకు సున్నం వేశారు, కిటికీల్లో పూలతొట్లు పెట్టించారు. చూసి ఇరుగుపొరుగు కూడా కలిశారు. తరువాత పాతపట్నంలో ఖాళీ జాగాలన్నీ తిరిగి లెక్క తీస్తే సుమారు 10 ఎకరాలు తేలింది. అన్నీ చెత్తదిబ్బలే. కుమార్తె నోరా పూనికతో, ఆ వాడ పిల్లల సాయంతో వాటిలో కొన్ని తోటలయ్యాయి. 1910 నాటి వెస్ట్ పోర్ట్ తోట నేటికీ ఉంది.

1914లో మద్రాసు గవర్నరు పెంట్లాండ్ ప్రభువు పిలుపుపై మన దేశానికి వచ్చారు. ఆయన నగర ప్రదర్శన సామగ్రి మరో ఓడలో వస్తుండగా ఎమ్డెన్ దాన్ని ముంచేసింది. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఆ ఎమ్డెనే! మిత్రులు మళ్ళీ సామగ్రి కూర్చి పంపగా 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగింది. పటం మీద బద్దతో గీత గీసి ఇళ్ళు పడగొట్టే పద్ధతి ఆయనకు గిట్టేది కాదు. శిథిలమైనవి మాత్రం తొలగించి, సందును కాస్త విప్పి, దొరికిన చోట చెట్టు పెట్టమనేవారు. నేను సంతకాలు చేసిన రోడ్డు వెడల్పు ఫైళ్ళు ఇది చదివినప్పుడు కళ్ళముందు తిరిగాయి.

1917 ఆయనకు కాని సంవత్సరం. ఏప్రిల్‌లో పెద్దకొడుకు అలాస్టర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడు. భార్య అప్పటికే విషజ్వరంతో మంచాన ఉంది. ఆమెకు ఆ కబురు చెప్పకుండా గుండెలోనే దాచుకున్నారు. జూన్‌లో ఆమె కూడా పోయింది.

ఆ దుఃఖంతోనే ఇండోర్ పని నెత్తికెత్తుకున్నారు. అక్కడ ప్లేగు భయం. పటం చేతబట్టి తిరిగే ఈ దొరను చూస్తే, ఇళ్ళు కూలగొట్టడానికి వచ్చాడని జనం హడలిపోయేవారు. ఆయన మహారాజు అనుమతితో దీపావళి ఊరేగింపు తలపెట్టారు. అది మామూలు దారిన వెళ్ళదనీ, ఇళ్ళు, వాకిళ్ళు బాగా శుభ్రం చేసుకున్న వీధుల గుండానే వెళుతుందనీ చాటించారు. ఇక చూడండి, ఊరంతా బూజులు దులిపింది, సున్నాలు వేసింది. బండ్ల కొద్దీ చెత్త బయటికి పోయింది. ఊరేగింపులో ప్లేగు ఎలుక పెద్ద బొమ్మ వచ్చింది. పారిశుధ్య కార్మికులు తెల్లని బట్టలతో, పూలతో, అందరి మధ్య గౌరవంగా నడిచారు. జనానికి తులసి మొక్కలు పంచారు. తులసిని పెరట్లో ఎండబెట్టుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? మా రిజిస్టర్లకు తట్టని కిటుకు అది.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1924లో ఫ్రాన్సులోని మాంట్‌పెల్లియే చేరి అక్కడ విద్యాలయం స్థాపించారు. మరుసటి ఏడు టెల్ అవీవ్ నగరానికి ప్రణాళిక ఇచ్చారు. 1932 ఏప్రిల్ 17న మాంట్‌పెల్లియేలోనే కన్నుమూశారు.

మన హైదరాబాదుకూ ఆయన రుణం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చారు. భవనాల నమూనాలు జాస్పర్ గారివి. 1934లో శంకుస్థాపన జరిగేనాటికి గెడ్డిస్ లేరు. నేను అక్కడి చెట్ల కిందే కూర్చుని పరీక్షలకు చదివాను. ఆయన పేరు విన్నది మాత్రం పదవీ విరమణ చేశాకే.